లెమ్మని చెప్పే మనిషి

పోతురాజు ముక్క పట్టే మనిషి కాదు. అయినా అనకాపల్లి బెల్లం మార్కెట్ వెనకున్న కలాసీల షెడ్డులో ఆయన రాకుండా పేకాట మొదలయ్యేది కాదు. వయసంతా బెల్లం దిమ్మలు మోసి మోసి మోకాళ్ళు అరిగిపోయాక, గోనెసంచి పరుచుకుని స్తంభానికి చేరబడి కూర్చోవడమే ఆయన పనైంది. ఊరికే కూర్చున్నాడనుకునేరు. ఆ షెడ్డులో ఆయనది అందరికన్నా పెద్ద ఉద్యోగం.

ఎవడైనా వరసగా ఓడిపోయి, మొహం కందగడ్డ చేసుకుని, ఇంకొక్క ఆట అంటూ జేబులు తడుముకునే వేళకి పోతురాజు గొంతు సవరించుకునేవాడు. "లెగు బావా, ఇంటికెల్లు," అనేవాడు. అంతే. ఆ మాట పడ్డాక పంచేవాడు ఆ మనిషికి ముక్కలు వెయ్యడు. గెలిచినవాడు టీ తాగించి, దారి ఖర్చు చేతిలో పెట్టి మరీ పంపాలి. ఎప్పటినుంచో కలాసీల్లో ఉన్న కట్టుబాటది. ఎంత మొండివాడైనా గొణుక్కుంటూ లేచేవాడు. మర్నాడొచ్చి, నువ్వు లేపకపోతే నా పని అయిపోయేదే మామా అని నవ్వేవాడు.

ఒక్క మనిషితో మాత్రం పోతురాజు ఆ మాట అనలేకపోయేవాడు. అతను సొంత అల్లుడు బాబ్జి.

బాబ్జిది కశింకోట. అనకాపల్లికీ కశింకోటకీ మధ్య షేర్ ఆటో తోలేవాడు. పసితనంలోనే తండ్రి పోతే తల్లి కూలి చేసి పెంచింది. పెళ్ళయ్యాక మామగారి పక్క పోర్షన్‌లోనే కాపురం పెట్టాడు. కుర్రాడు మంచివాడు. పెళ్ళాం ఈశ్వరికి ఒంట్లో నలతగా ఉంటే ఆటో ఆపేసి తనే అన్నం వార్చేవాడు. ఆ అల్లుడు గుమ్మంలోకి వస్తే చాలు, పోతురాజు మంచం మీంచి లేచి నిలబడేవాడు. కూకోండి బాబూ, తినండి బాబూ అనడమే తప్ప ఇంకో మాట ఎరగడు. అల్లుణ్ణి గద్దించే మామని వాళ్ళలో మనిషి కింద లెక్కెయ్యరు మరి.

అలాగని ఊరుకునేవాడూ కాదు. షెడ్డులో బాబ్జి ఓడిపోతుంటే పోతురాజు పక్కనున్న పైడిరాజు వైపు తిరిగి, "ఏరా పైడిరాజూ, ఇంకా ఏటి సూత్తన్నావు? లెగు, ఇంటికెల్లు," అనేవాడు. పైడిరాజు గెలుస్తున్నా సరే, సంగతి గ్రహించి నవ్వుకుంటూ లేచేవాడు. అతనితోపాటే బాబ్జీ తలొంచుకుని చెప్పులేసుకునేవాడు. మర్యాదా దక్కేది, కూతురి సంసారమూ దక్కేది.

ఒకరోజు ఆ షెడ్డు మీద పోలీసులు పడ్డారు. అందర్నీ వరసగా కూర్చోబెట్టి ఫొటో తీశారు. జన్మలో ముక్క ముట్టని పోతురాజు పేరు పేకాట నిర్వాహకుడని పేపర్లో పడింది. ఏం చెప్పమంటారు! అదే సాయంత్రం, అదే ఊళ్ళో, మేడ మీది క్లబ్బులో ఏసీ వేసుకుని పెద్దమనుషులు అవే పదమూడు ముక్కలు ఆడుకున్నారు. అక్కడది తెలివితేటల ఆటట. తెలివి మేడ మీదే ఉంటుంది కాబోలు. గోనె మీద కూర్చుంటే జూదమైపోతుంది.

షెడ్డుకి తాళం పడింది. ఆట మాత్రం ఆగలేదు. రెండువేల తొమ్మిది నాటికి మెయిన్ రోడ్డు నిండా నెట్ సెంటర్లే. సత్తిరాజు అనేవాడి సెంటర్లో పోకర్ అని కంప్యూటర్లో డబ్బులకి ఆడే కొత్త పేకాట ఒకటి వచ్చింది. సత్తిరాజే తన బ్యాంకు కార్డు మీద డబ్బు కట్టి, ఆడేవాళ్ళ దగ్గర ఆ సొమ్ము చేతికి తీసుకునేవాడు. బాబ్జి మొదట చూసొద్దామని వెళ్ళాడు. తర్వాత అక్కణ్ణుంచి రావడమే తగ్గించాడు. ఓ చెక్క అర, ఓ కుర్చీ, ఓ కంప్యూటర్, వెనక్కి లాక్కోడానికి ఓ గుడ్డ తెర. అవతల ఆడేవాళ్ళెవరో, ఏ దేశంవాళ్ళో తెలీదు. ఓడిపోతే టీ తాగించేవాడు లేడు. పక్కన పైడిరాజూ లేడు.

ఈశ్వరి తండ్రి దగ్గరికొచ్చి ఏడ్చింది. "ఊరందరికీ సెప్పేవోడివి కదా నాన్నా. ఈయనకొక్కడికీ సెప్పలేవా?"

"అల్లుడికి నానెలా సెప్తానమ్మా," అన్నాడు పోతురాజు. ఆయన భయం ఆయనది. నలుగురిలో మాట పడ్డ అల్లుడు మనసు విరిచేసుకుంటే ఆ కోపం ఎవరి మీదికొస్తుంది? కూతురి మీదికే కదా.

ఆ రోజుల్లోనే వర్తకుల హాల్లో సభ ఒకటి పెట్టారు. కంప్యూటర్‌లో డబ్బులకి పేకాట ఆడడాన్ని చట్టం ఒప్పుకోవాలా, నిషేధించాలా అని. కర్ర పట్టుకుని పోతురాజూ వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాడు. రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన లేచి, కొంపలు కూల్చే ఆటని వేళ్ళతో సహా పీకెయ్యాలన్నాడు. విశాఖపట్నం నుంచి వచ్చిన లాయరు కాదన్నాడు. ఇక్కడ మూసేస్తే ఇంకోచోట దాక్కుని ఆడతారు, మీ ఊళ్ళో జరిగింది అదే కదా, లైసెన్సులిచ్చి, పన్ను కట్టించి, మనిషికింతే అని హద్దు పెడితే ఆట మన అదుపులో ఉంటుందన్నాడు. జనం ఇద్దరికీ చప్పట్లు కొట్టారు.

పోతురాజు కర్ర ఊతంగా లేచాడు. "బాబూ, మనిసి ఓడిపోతా ఉంటే, లెగు, ఇంటికెల్లు అని ఆ మిషన్లో ఎవులు సెప్తారు?"

కొందరు నవ్వారు. లాయరు నవ్వలేదు. నేననేదీ అదే పెద్దాయనా, చట్టమొస్తే అలాగే రాయించొచ్చు, హద్దు దాటితే మిషనే ఆట ఆపేస్తుంది అన్నాడు. పోతురాజు ప్రాణం లేచొచ్చింది. సర్కారే ఆ మాట అనేస్తే మామకి మాట రాదు, అల్లుడికి అవమానమూ లేదు. అదెప్పుడొస్తుందని ఆశగా అడిగాడు. కమిటీ వెయ్యాలి, అసెంబ్లీలో పెట్టాలి, కోర్టులున్నాయి, చూడాలి అన్నాడు లాయరు. అసలు రానే రాకూడదని హెడ్మాస్టరు అందుకున్నాడు. వాళ్ళిద్దరూ మళ్ళీ మొదలెట్టారు.

ఇంటికొచ్చి, సర్కారోళ్ళు ఆపేత్తారంట, కాసింత ఓపిక పట్టమని చెప్పాడు కూతురికి. ఈశ్వరి తండ్రి మొహంలోకి ఓసారి చూసి లోపలికెళ్ళిపోయింది.

చట్టమేమో రాలేదు. ఆటో మాత్రం అమ్ముడైపోయింది. ఆ సంగతి తెలిసిన పూట ఈశ్వరి పొయ్యి వెలిగించలేదు. పోతురాజు ఎవరికీ చెప్పకుండా కర్ర తీసుకుని మెయిన్ రోడ్డుకి నడిచాడు. నెట్ సెంటర్ బయట బల్ల మీద కూర్చున్నాడు. అద్దం తలుపులోంచి బాబ్జి వీపు కనబడుతూనే ఉంది. ఎందుకో ఆవేళ తెర లాగి లేదు. మాట గొంతు దాకా వచ్చింది. ఎంతమందితో అన్న మాట! పక్కనెవడైనా ఉంటే వాడి పేరు పెట్టైనా అనేద్దామని చూశాడు. ఎవడూ లేడు. నువ్వైనా చెప్పు బాబూ అని సత్తిరాజుని బతిమాలితే, గిరాకీని నేనెలా పొమ్మంటానని తల తిప్పేసుకున్నాడు. దీపాలు పెట్టేదాకా అలాగే కూర్చుని పోతురాజు ఇంటిదారి పట్టాడు. పిరికితనానికి మర్యాద అని పేరు పెట్టుకుని బతికేస్తాం మనుషులం.

ఆ రాత్రి బాబ్జి ఇంటికి రాలేదు. స్టేషన్లో రైలెక్కుతుంటే చూశామన్నారెవరో.

ఈశ్వరి అచ్యుతాపురంలో ఓ కంపెనీలో చేరింది. లోపలికి సెల్ ఫోన్లు రానివ్వరని తన ఫోన్ తండ్రి దగ్గర వదిలి తెల్లారే బస్సెక్కేది. కొన్ని నెలలకి, ఓ మధ్యాహ్నం అది మోగింది.

"మావయ్యా, నాను," అన్నాడు బాబ్జి. ఎక్కడో బిల్డింగ్ పనుల్లో ఉన్నానన్నాడు. ఊరు చెప్పలేదు. ఈశ్వరి ఎలా ఉందని అడిగి, అసలు సంగతికొచ్చాడు.

"ఆవేళ నువ్వు బయట బల్ల మీద కూకున్నావు. నాను సూసేను మావయ్యా. నువ్వొత్తావనే తెర ఎయ్యలేదు."

పోతురాజు ఫోన్ చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు.

"నాకు నాన్న లేడు కదా. నాకు నానుగా లెగడం సేతకాలేదు. నువ్వొక్క మాట లెగమంటే లెగిసిపోదును."

"లెగరా నాయనా," అన్నాడు పోతురాజు. "ఇంటికొచ్చీయ్."

"ఇప్పుడెలా వత్తాను మావయ్యా," అని బాబ్జి పెట్టేశాడు. తిరిగి చేస్తే ఎవరో ఎత్తి, తెలియని భాషలో కాయిన్ బాక్స్ అని విసుక్కున్నారు.

సాయంత్రం కంపెనీ బస్సు దిగి ఈశ్వరి వచ్చింది. పోతురాజు ఏదీ దాచకుండా చెప్పేశాడు. ఆమె అంతా విని ఒక్కటే అడిగింది.

"ఆవేళ ఆ సెంటర్ గుమ్మం దాకా ఎల్లేవా నాన్నా?"

"ఎల్లేనమ్మా."

ఈశ్వరి భుజాన సంచి తియ్యకుండానే గుమ్మంలో కూలబడిపోయింది. చీకటి పడినా అలాగే ఉంది. కూతుర్ని లెమ్మనడానికి పోతురాజుకి నోరు రాలేదు.