పక్కన తట్టిన వేలు

మా ముత్తాత జమీందారుగారి దివాను. మా తాత పల్లకీ దిగితే నాలుగు ఊళ్లు లేచి నిలబడేవి. నేను టాటానగర్ స్టేషన్ వెయిటింగ్ రూమ్‌లో వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాను. అప్పు తీర్చడానికి మిగిలిన జీడితోట అమ్ముదామని, తమ్ముడు నా సమ్మతి కోరుతూ ఫోన్‌కి ఒక పత్రం పంపాడు. అమ్మడం నాకిష్టం లేదు, కానీ అయినవాళ్లకు కాదని చెప్పడం మా ఇంట్లో లేదు. అందుకని ‘సమ్మతం’ అన్న బటన్ మీద కాకుండా దాని పక్కన తడుతూ కూర్చున్నాను. వేలిని బట్టి సర్దుకునే కొత్త ఫోన్ అది. తట్టిన ప్రతిసారీ బటన్ ఇంకాస్త పెద్దదై నా వేలి కిందికి జరుగుతోంది.

గోవింద్‌పూర్‌లో కూతుర్ని చూసి శ్రీకాకుళం తిరిగి వెళుతున్న ఒక పెద్దావిడ పక్క నుంచి తొంగి చూసింది.

“ఏటి బాబూ, కళ్లు ఆనట్లేదా?”

“బాగానే ఆనుతున్నాయి.”

“ఆ సంగతి దానికేటి తెలుసు? గురి తప్పుతన్నావనుకుని సాయం చేత్తంది. మా అల్లుడి ఫోనూ నాకిలాగే చేత్తది. వద్దనుకుంటే చెయ్యి తియ్యాల.”

నా మణికట్టు పట్టుకుని, చంటిపిల్లాడి చేతిని తీసినట్టు తీసి నా మోకాలి మీద పెట్టింది. తన రైలు రాగానే వెళ్లిపోయింది.

తమ్ముడికి ఫోన్ చేసి, మా ఇంట్లో ఎవరూ అనని మాట అన్నాను. తోట అలాగే ఉంది. అప్పు కోసం ఆ నెలలోనే తాత పల్లకీ అమ్మేశాం.