పెండ్లి చీర మీద గుడ్లగూబ

నా బండి మీద గుడ్లగూబ స్టిక్కర్ ఏమైందని పొద్దుటి నుంచి అడుగుతాండారు కదా? పీకేసినా. నిన్న యాడికి ఊర్లో నా ప్రాణం పోయినంత పనైంది. టీ తాగతా వినండి.

ఆ బెంగుళూరు పాటలామె మీకు తెలుసు కదా. నీలం జుట్టు, కండ్ల కింద నల్ల గీతలు, క్యాసెట్ మీద హెడ్‌ఫోన్ పెట్టుకున్న గుడ్లగూబ! ఆమె ఇంగ్లీషు పాటలు నాకు సగం అర్థం కావు. బొమ్మ మాత్రం చూడంగానే నచ్చేసింది. ధర్మవరంలో పెద్దోళ్ళు దాన్ని చూసి మొగం తిప్పుకుంటే నాకు ఇంకా హుషారు. టీషర్ట్ కొన్నా, బండికి అంటించినా. అదీ చాలక, ఆమె ప్రోగ్రాంకి వేసుకుపోదామని పట్టు కండువాకు అదే డిజైన్ గీసి, మగ్గానికి కట్టే జకార్డ్ అట్టలు కొట్టినా. మా ఇంట్లో డిజైన్ గీసి అట్టలకు బెజ్జాలు కొట్టేది నేను, నేసేది నాయన.

అప్పుడే యాడికి నుంచి పెండ్లి చీర ఆర్డరు. కొంగు నిండా హంసలు కావాలన్నారు. ఆ అట్టలూ కొట్టి కండువా అట్టల పక్కనే పెట్టినా. నాయన మగ్గానికి అట్టలు కడతా, "ఇవేనా రా?" అని అడిగినాడు. నా చెవుల్లో వాక్‌మన్. తల ఎత్తకుండానే "ఆ, అవే నాయనా" అన్నా. మా మగ్గం మీద చీర బోర్లా వస్తాది. పైనుంచి చూస్తే దారాల గజిబిజిలో ఏదో పక్షి, అంతే.

నిన్న మగ్గం మీంచి చీర కోసీ కోయంగానే పెండ్లికూతురి మేనమామ జీపు తెచ్చినాడు. తిప్పి చూసుకునే సందే ఇవ్వలా. చీరతో పాటు నన్నూ ఎక్కించుకున్నాడు. తెల్లారితే పెండ్లి. తాడిపత్రి దాటినాక ఊరికే మడత ఎత్తి చూసినా. రెండు గుండ్రటి కండ్లు నన్నే చూస్తాండాయి!

"ఏమప్పా, అట్ల చెమటలు పడతాండాయి?" అన్నాడు మేనమామ.

"ఎండన్నా."

"ఏడాదికోసారి మబ్బు పట్టింది ఈ పొద్దే కదప్పా!"

దూకేద్దామా అనిపించింది. ఇంకో చీర నేసే టైం లేదు. నాయన ఇన్నేండ్లు సంపాదించిన పేరంతా నా ఒళ్ళో ఉండాది.

పెండ్లింట్లో చుట్టాలంతా చుట్టూ కూచున్నారు. పెండ్లికూతురి అవ్వ చీర విప్పింది.

"ఇవి... హంసలాప్పా?" అన్నాడు మేనమామ. "పెండ్లి పూట గుడ్లగూబనా! ఎవుర్రా ఆడ, తలుపెయ్యండి!"

లోపల్నుంచి పెండ్లికూతురు వచ్చింది, చూసింది, కెవ్వుమంది. అయిపోయినా అనుకున్నా. చూస్తే నవ్వుతాంది!

"మామా, ఆగు. గుడ్లగూబ లక్ష్మీదేవి వాహనం. ఉత్తరాదిలో దండం పెడతారు. అవ్వా, నాకు ఇదే చీర కావాల."

అని నా పక్కకొచ్చి మెల్లగా, "నా రూంలో ఆ పాటలామె పోస్టరే ఉండాది. నీకు ఏ పాటంటే ఇష్టమన్నా?" అనింది. ఒక్క పాట పేరూ గుర్తుకు రాలా! నాకు తెలిసిందల్లా ఆ గుడ్లగూబే.

అవ్వ ఆ చీర కొంగు కండ్లకద్దుకునింది. గుడ్లగూబ హెడ్‌ఫోన్ నిమిరి, "చెవులకు కమ్మలు కూడా ఎంత బాగ పెట్టినాడో! నాకూ ఒకటి నెయ్యి నాయనా. మా భజన గుంపుకంతా కావాల" అనింది.

ముసలోళ్ళకు ఒళ్ళు మండాలని అంటించుకున్న బొమ్మప్పా అది! ఇప్పుడు యాడికి భజన గుంపు యూనిఫాం. ఇంగ నా బండి మీద ఉంటే, నన్ను కూడా దింపి చేతికి చిడతలిచ్చి కూచోబెడతారు!