ఇండోనేషియా భాషలో మా నాయన ఉద్యోగం

ఆ రోజుల్లో నాకు రెండు కుటుంబాలు ఉండేవి. (కంగారు పడకండి, అప్పటికి నాకు పెళ్ళే కాలేదు.) ఒకటి ఎమ్మిగనూరులో, గుంటమగ్గం సగం స్థలం ఆక్రమించిన రెండు గదుల ఇంట్లో ఉండేది. రెండోది ఇండోనేషియా భాషలో మాత్రమే ఉండేది. ఆ రెండో కుటుంబంలో మా నాయన ఆఫీసు ఉద్యోగి, మా అమ్మ టీచరు, ఇంటి ముందు పూలతోట, తోటలో ఒక తెల్లపిల్లి. ఆదివారాలు అందరం కలిసి బ్యాడ్మింటన్ ఆడేవాళ్ళం. ఇరవై మూడేళ్ళవాడివి, ఇంత పచ్చి అబద్ధాలు ఎందుకాడావయ్యా అంటే, పాఠంలో ఉన్న కుటుంబం అదే. కొత్త భాషలో మనకు వచ్చిందే చెబుతాం గానీ ఉన్నది చెప్పగలమా అని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి.

అప్పట్లో నేను ఆదోనిలో ఒక పత్తి మిల్లులో కాటా దగ్గర చీటీలు రాసేవాణ్ణి. పొద్దస్తమానం దుమ్ము, తుమ్ములు. మా సేటు దూదిబేళ్ళు ఇండోనేషియా నూలు మిల్లులకు పంపేవాడు. అవతలివాళ్ళు ఫోన్లో ఏమంటున్నారో తెలియక అన్నిటికీ 'ఓకే ఓకే' అనేసి, ఫోన్ పెట్టేశాక తల పట్టుకునేవాడు. ఆ భాష నేను నేర్చుకుంటానంటే ఎగాదిగా చూసి, "రెండో మెట్టు పరీచ్చ పాసైతివంటే లోపల ఎగుమతి టేబులు నీది. తప్పితివా, కాటా కాడనే కూసో" అన్నాడు. అంతే, ఫోన్లో వీడియో క్లాసులో చేరాను. పాఠం చెప్పే పెద్దావిడను 'ఇబు' అనేవాళ్ళం, అంటే అమ్మగారు అని. క్రియ ముందు 'మె' ఎప్పుడు పెట్టాలో, 'ది' ఎప్పుడు పెట్టాలో నాకు ఆరునెలలైనా గుర్తుండేది కాదు. ఆవిడకు మాత్రం నేను చెప్పినవన్నీ గుర్తుండేవి. వారం వారం "పిల్లి ఎలా ఉంది?" అని అడిగేది. ఒకసారి జవాబు తోచక దానికి జ్వరమని చెప్పాను. పాపం, తర్వాతి వారం ఆవిడ మొదటి ప్రశ్న అదే.

పరీక్షకు పది రోజుల ముందు నియమం బయటపడింది. ఇంట్లో ఒక పెద్దమనిషిని కెమెరా ముందు కూర్చోబెట్టాలి. ఇబు ప్రశ్నలు అడిగితే వాటిని తెలుగులో చెప్పి, జవాబులు మళ్ళీ ఆవిడ భాషలో చెప్పాలి. ఆదోనిలో నా గది యజమాని, కళ్ళజోడు పెడితే అచ్చం ఆఫీసు మనిషిలా ఉండే చాచాను ఒక్క గంటకు నాన్నగా ఉండమని బతిమాలాను. "నాకు సొంతంగా ఐదుమంది ఉండారు బేటా, ఆరోవాణ్ణి యాడ పెట్టుకునేది?" అని నవ్వి పంపించేశాడు.

ఇక గత్యంతరం లేక పరీక్ష ఉన్న ఆదివారం ఎమ్మిగనూరు వెళ్ళాను. మా నాయన పరీక్ష తనకే అన్నంత హడావిడిగా గడ్డం గీయించుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, మగ్గానికి వీపు పెట్టి కూర్చున్నాడు. (మగ్గం కనబడకుండా అమ్మచేత దుప్పటి కట్టించాను. దోమలకని చెప్పాను.) ఫోన్లో ఇబు నవ్వుతూ నమస్కారం పెట్టింది. పొద్దున ఆఫీసుకు ఎన్నింటికి బయల్దేరతారని అడిగింది. "పొద్దున ఎన్నింటికి లేస్తావని అడుగుతాంది నాయనా" అన్నాను.

"నాలుగ్గంటలకే లేసి గుంటలోకి దిగుతా తల్లీ" అని మా నాయన నేరుగా ఫోన్‌తోనే మొదలుపెట్టాడు. "మజ్జాన్నం ఇంత సంగటి తిని మళ్ళా దిగుతా. నడుము పట్టేసినా సరే, సీర ముగిసేదాకా మనసు ఊరుకోదు..." అలా రెండు నిమిషాలు చెప్పాడు. నేను ఇండోనేషియా భాషలో "ఎనిమిదింటికి" అన్నాను.

ఇబు కనుబొమలు ముడిపడ్డాయి. మా నాయనవి అంతకన్నా ముందే ముడిపడ్డాయి. "అంతసేపు సెప్తే నువ్వు ఒక్క ముక్కే అంటివే?" అన్నాడు. "ఆ భాష పొట్టిగా ఉంటాది నాయనా" అన్నాను. లోపలినుంచి అమ్మ, "ఆయమ్మ టీ తాగిందో లేదో అడుగురా" అంది. అది మాత్రం నిజాయితీగా అనువదించాను.

మీ పనిలో మీకు ఏది ఇష్టమని ఇబు తర్వాతి ప్రశ్న. అలసిపోయి ఉన్నానేమో, ఆ ఒక్కటీ ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పేశాను. మా నాయన లేచాడు. "ఇది సెప్తే తెలిసేది కాదప్పా, సూడాల" అంటూ దుప్పటి లాగేసి, చొక్కా చేతులు మడిచి, గుంటలోకి దిగి దారపు నాడె విసరడం మొదలుపెట్టాడు. ఎగుమతి టేబులు పోయింది, పరువు పోయింది అనుకున్నాను. నేత మనిషి అనే మాట నాకు రాదా అంటే, వచ్చు. ఆఫీసు ఉద్యోగి ఉన్న పేజీలోనే ఉంది. నేను చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాను, అంతే.

"అయహ్ సయ పెనెనున్" అన్నాను. మా నాన్న నేతగాడు. మగ్గం మీది చీర ఆయనే నేస్తున్నాడని, ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పానని, క్షమించమని వరసగా చెప్పుకుపోయాను. 'మె'లు, 'ది'లు ఎక్కడ పడ్డాయో నాకు తెలియదు. ఇబు చాలాసేపు మగ్గాన్నే చూసి, చివరికి "మరి పిల్లి?" అంది. లేదన్నాను. ఆఫీసు పోయినందుకు కన్నా పిల్లి పోయినందుకే ఆవిడ ఎక్కువ బాధపడినట్టనిపించింది. బొటాబొటీ మార్కులతో పాసయ్యాను.

అన్నం తింటూ మా నాయన, "ఆయమ్మ మొగం ఎందుకట్లా అయిపోయినాదిరా?" అని అడిగాడు. దాచలేక అంతా చెప్పేశాను. ముద్ద చేతిలోనే ఆగిపోయింది. చివరికి, "ఎట్లాగూ అపద్దమే ఆడినావు. ఆఫీసరన్నా సేసి ఉండకూడదా, గుమాస్తాను సేసినావా?" అన్నాడు. అమ్మ పగలబడి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు నేను ఎగుమతి టేబులు దగ్గరే కూర్చుంటున్నాను, ఫోన్లో మాట్లాడేటప్పుడు నా కుటుంబం గురించి ఎవరడిగినా ఉన్నదే చెబుతున్నాను. అయినా సెలవుకు ఇంటికి వెళ్ళినప్పుడల్లా తెల్లవారుజామున నాలుగింటికి మా నాయన గుంటలోకి కాళ్ళు పెడుతూ, దుప్పటి కింద దొంగనిద్ర పోతున్న నాకు వినబడేలా అమ్మతో అంటాడు: "ఏమేవ్, ఆపీసుకు పోతాండా."