ఉపవాసం నాడు పంచదార నీళ్ళు

మా వదిన శౌరమ్మ మీద నాకు కోపం పోయిందని ఎవరన్నా అంటే నమ్మకండి. సగమే పోయింది. పోయినేడు ఈస్టరు ముందు శ్రమదినాల్లో ఒక శుక్రవారం, ఉపవాస ప్రార్థనకి బయల్దేరుతూ అలవాటు కొద్దీ మా అన్నయ్య సంజీవరావుకి ఇన్సులిన్ పొడిచింది. ఇద్దరూ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. పదకొండింటికి అన్నయ్య "కళ్ళు తిరుగుతున్నాయే" అంటే, "ఆమెన్ అనేదాకా ఓర్చుకోండి, దేవుడున్నాడు" అందట. దేవుడున్నాడు సరే, ఒంట్లో షుగరుండొద్దూ! అక్కడే పడిపోయాడు. మూడు రోజులు ఆస్పత్రిలో ఉంచారు.

అప్పటినుంచి వదినకి కొత్త చాదస్తాలు పట్టుకున్నాయి. పళ్ళెంలో ఇడ్లీ కళ్ళపడందే ఇన్సులిన్ కోసం ఫ్రిజ్ తెరవదు. ఉపవాసం తనొక్కతే ఉంటుంది. అన్నయ్య కాస్త కదిలితే చాలు, "ఏమండీ, చేతులు వణుకుతున్నాయా?" అంటుంది.

"లేదే తల్లీ, దోమని కొడుతున్నా!"

ఈ ఏడు శ్రమదినాల్లో మొదటి శుక్రవారం, ఆవిడ మీద నమ్మకం చాలక, వన్ టౌన్‌లో వాళ్ళ మందిరానికి నేనూ వెళ్ళాను. ప్రార్థన మధ్యలో కరెంటు పోయింది. అన్నయ్య మెడ వెంట చెమట ధారగా కారుతోంది. అది ఉక్కో, షుగరో! వదిన సంచిలోంచి పంచదార నీళ్ళ సీసా సగం తీసింది, చుట్టూ చూసి మళ్ళీ లోపల పెట్టింది. ఉపవాస ప్రార్థనలో సీసా మూత తీస్తే నలుగురూ ఏమనుకుంటారు? ఇంకో నిమిషానికి ఇక ఆగలేక లేచి నిలబడింది.

"అయ్యగారూ, ఒక్క నిమిషమండీ! మా ఆయనకి షుగరు పడిపోతోందేమోనండీ."

పాస్టరుగారు ప్రార్థన ఆపేశారు. అందరూ కళ్ళు తెరిచారు.

"నాకేం కాలేదే, ఉక్కపోతంతే! పరువు తీశావు" అని అన్నయ్య పళ్ళు నూరాడు. పాపం, వదిన ముఖం చిన్నబోయింది.

అప్పుడు వెనక వరసలోంచి ఒక గొంతు ముద్దముద్దగా వినపడింది. "అమ్మా... ఆ సీసా ఇటిస్తావా?"

రిటైరైన హెడ్మాస్టరు మరియదాసు గారు. ఉపవాసమంటే ఆయన్నే చూసి నేర్చుకోమంటారు అక్కడ. చొక్కా తడిసి ముద్దయింది, పెదవులు అదురుతున్నాయి.

"పొద్దున సూదేసుకున్నానమ్మా. తినకుండా వచ్చా. చెప్పడానికి సిగ్గేసింది."

వదిన చాపల మీద తూలుకుంటూ పరిగెత్తింది. ఆయన తల చేత్తో ఆనించి పట్టుకుని, సీసా నోటికందించింది.

"అడిగితే దేవుడు కోప్పడతాడా మాస్టారూ?" అంటూ ఆవిడ ఏడుస్తోంది. ఆయన గుటకలేస్తూనే ఉన్నారు.