ఒక్క ఇటుక కదలకూడదు

కోటగోడ కూలిపోవడం తన కళ్లతో చూడవలసి వస్తుందేమోనన్న భయం నిసిబిస్ పట్టణపు తాపీమేస్త్రి యావ్నానును జీవితమంతా వెంటాడింది. తీరా జరిగింది వేరు. గోడ నిలిచే ఉన్నది, పట్టణమే చేజారింది. పారశీక దేశం మీదికి దండెత్తిన తమ చక్రవర్తి అక్కడే మరణించగా, ఆయన స్థానంలోకి వచ్చినవాడు చిక్కుబడిన సైన్యంతో ప్రాణాలు దక్కించుకునేందుకు, ఏ ముట్టడికీ లొంగని ఈ సరిహద్దు పట్టణాన్ని పారశీక రాజుకు రాసి ఇచ్చాడు.

వీధుల్లో చాటింపు వేశారు. ప్రజలందరూ ఊరు విడిచి పోవాలి. తమ సామానూ, తమవారి ఎముకలూ వెంట తీసుకుపోవచ్చు. గోడను మాత్రం ఉన్నది ఉన్నట్టుగా అప్పగించాలి. ఒక్క ఇటుక కదిలినట్టు తేలినా, జనాన్ని ద్వారం దాటనివ్వరు.

అది విన్న యావ్నాను భార్య షల్మత్ గుమ్మంలోనే కూలబడింది. వారి ఒక్కగానొక్క కూతురు తాత్తా ఉన్నది ఆ గోడలోనే.

కడపటి ముట్టడిలో శత్రువులు ఏటికి అడ్డుకట్ట వేసి, నీటిని గోడ మీదికి మళ్లించారు. గోడ ఒకచోట విరిగిపడింది. ఆ సందు వెనుక ఊరంతా నిలబడి, చేతి నుంచి చేతికి ఇటుకలందిస్తూ కొత్త గోడ లేపారు. ఆ వరుసలో ఉన్న పిల్ల మెడకు బాణం తగిలింది. శ్మశానం శత్రువుల చేతిలో ఉంది. ఊరిలోపల మోకాలి లోతు నీరు. యావ్నాను బిడ్డను చాపలో చుట్టి, లేస్తున్న గోడ మందంలో పడుకోబెట్టి, పైన తానే ఇటుక పేర్చాడు. నాటి నుంచి ఏటా వానలు వెలిశాక ఆ చోట ఇటుకల మధ్య దర్జులను సున్నంతో నింపుతూనే ఉన్నాడు.

ఇప్పుడు ఊరంతా సమాధులు తవ్వుకుంటున్నది. పొరుగున ఉండే గాడిదల గబ్బాయి తన తల్లి ఎముకల సంచిని గాడిదకు కడుతూ పలకరించాడు.

"బతికున్నన్నాళ్లూ గాడిదెక్కనని మొండికేసింది మావా, మా అమ్మ. ఇప్పుడు చూడు, నోరెత్తకుండా ఎక్కింది. ఇటుపక్క మీ పిల్లకీ చోటుంచాను. బాడుగ అడగనులే."

యావ్నాను నగరసభ పెద్ద దోమ్నుడి దగ్గరకు వెళ్లి చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"నాలుగు ఇటుకలండయ్యా. తీసి, పిల్లని తీసుకుని, మళ్లీ నేనే పెట్టేస్తాను."

"ఊరి గోడంటే నీ పెరటి గోడనుకున్నావా?" అన్నాడు దోమ్నుడు. అంతలోనే గొంతు తగ్గించాడు. "నువ్వు పెట్టేలోగా, గోడ తనిఖీకొచ్చే పారశీక దొర చూస్తే? ద్వారం దగ్గర జనాన్ని చూశావు కదా. నీ కూతురు పోయిందయ్యా. వీళ్లింకా పోలేదు."

మరునాడు తెల్లవారగానే భార్యాభర్తలు ఉలి, సుత్తి, ఒక బుట్ట, ఉతికిన గుడ్డ పట్టుకుని గోడ దగ్గరకు వెళ్లారు. పైవరుస ఇటుకలు రెండు వచ్చాయి. వాటి వెనుక సున్నమూ బూడిదా కలిసిన గార రాయిలా బిగిసిపోయి ఉన్నది. కొట్టగా కొట్టగా పెచ్చులే రాలాయి. ఉలి మొన విరిగింది.

"కాస్త మెత్తగా కట్టుంటే ఏం పోయేదయ్యా?" అన్నది షల్మత్.

"లోపల అది ఉందని కట్టానే. మెత్తగా ఎలా కడతాను?"

అతడు విరిగిన ఉలితోనే మళ్లీ మొదలుపెట్టబోగా గబ్బాయి పరుగున వచ్చాడు. ఈసారి అతని నోట పరాచికం లేదు.

"మావా, గోడ చూసుకుంటా ఉత్తరం బురుజు దాకా వచ్చేశారు. మూసెయ్. నా పిల్లలు ద్వారం దగ్గరున్నారు."

యావ్నాను భార్య వైపు చూశాడు. ఆమె బుట్ట కింద పెట్టి, సున్నం కలిపేందుకు నీళ్లు తెచ్చింది.

అతడు ఇటుకలను వాటి చోట కూర్చాడు. పచ్చి సున్నం కనబడకుండా దర్జుల మీద దుమ్మూ బూడిదా రుద్దాడు. పొడి మట్టి చల్లి, చేతి గుడ్డతో పాతగోడ రంగు వచ్చేదాకా తట్టాడు. పనిలో లోపం లేదు. కొద్దిసేపటికి వచ్చిన పారశీక అధికారి ఆ భాగాన్ని ఆసాంతం చూసి, ఆగకుండా ముందుకు నడిచాడు.

"ఈ పక్కంతా బాగానే ఉందంటున్నారు దొరగారు," అన్నాడు వెంటనున్న దుబాసీ.

ద్వారం తెరిచారు. జనం ఆమిద పట్టణపు దారి పట్టారు. మిట్ట ఎక్కాక షల్మత్ వెనుదిరిగింది.

"ఎక్కడయ్యా? ఏ చోట?"

యావ్నాను చేయెత్తాడు. బురుజు నుంచి బురుజు దాకా గోడ ఒక్క తీరుగా ఉన్నది. చేయి కొంచెం ఇటు జరిపాడు, కొంచెం అటు జరిపాడు, దించేశాడు.

చాలాదూరం పోయాక గబ్బాయి వారి పక్కకు వచ్చి నడిచాడు. మంచినీళ్ల కుండ మోసి మోసి అతని భుజం ఒరుసుకుపోయింది. గాడిదకు ఒక పక్క చోటు ఖాళీగానే ఉన్నది.

"అక్కా," అన్నాడు నేల చూస్తూ, "ఇటుపక్క ఈ కుండ కట్టుకోనా?"

"కట్టుకో," అన్నది షల్మత్.