మేడం అమ్మిన షేర్లు, మామయ్య మోకాలు

మా మామయ్య టైల్స్ మేస్త్రి. ఇరవై ఎనిమిదేళ్లు నేల మీద పాకీ పాకీ కుడి మోకాలు అరగదీసుకున్నాడు. ఆపరేషన్ తప్పదన్నారు. దానికి దాచిన డబ్బంతా ఎక్కడ పెట్టాడో తెలుసా? ఒక చిన్న సెన్సర్ల కంపెనీ షేర్లలో! ఆ ఆఫీసుకి టైల్స్ వేసింది ఈయనే. అక్కడివాళ్ల పనితీరు చూసి మనసు పారేసుకుని, నా చేత కొనిపించాడు.

ఆపరేషన్‌కి నెల ముందు ఓ మంగళవారం ఆ షేరు ఒక్కరోజులో పద్దెనిమిది శాతం పడిపోయింది. కంపెనీ పెట్టిన మేడమే తన షేర్లు అమ్ముకుందని వార్త. మామయ్య అప్పుడు ఆవిడ కొత్తింట్లోనే పని చేస్తున్నాడు. అక్కణ్ణుంచే ఫోన్.

"అల్లుడూ, లోపలివాళ్లే దూకేస్తుంటే మనకేం పనిరా? అమ్మెయ్!"

"పది నిమిషాలాగు మామయ్యా."

కంపెనీ పెట్టినవాళ్లు ఇలా అమ్మితే స్టాక్ ఎక్స్ఛేంజ్‌కి చెప్పి తీరాలి. ఆ కాగితం వెతికి చదివా. ఆవిడ అమ్మింది తన వాటాలో వందకి నాలుగు. కంపెనీలో మిగతా పెద్దలెవరూ ఒక్కటీ అమ్మలేదు. మామయ్యకి ఫోన్ చేసి అదే చెప్పా.

"నాలుక్కే ఇంత పడిందా?"

"చిన్న షేరు కదా, రోజూ కొనేవాళ్లు గుప్పెడు మందే. ఒకేసారి అన్ని వచ్చి పడితే తీసుకునేవాళ్లేరీ? ధర జారింది. అది చూసి నీలాంటివాళ్లు హడలిపోయి ఇంకా అమ్మారు."

"మరి ఎందుకు అమ్మినట్టు?"

"అది ఇందులో రాయలేదు."

అవతల ఒకటే నవ్వు.

"ఒరేయ్! మూడు నెలలు ఆగిన ఇంటిపని నిన్నే మళ్లీ మొదలైంది. పొద్దున లారీడు మార్బుల్ దిగింది. నేను మోకాళ్లేసుకు కూర్చుంది ఆ డబ్బు మీదేరా!"

"అది మన ఊహ. నాలుగు శాతం మాత్రం ఊహ కాదు."

అమ్మలేదు. కానీ ఆ తర్వాత మూడు వారాలూ నాకు నిద్ర పడితే ఒట్టు! నా మాట విని ఆగాడు కదా మరి. ఈలోగా కంపెనీ లెక్కలొచ్చాయి, ఆర్డర్లు పెరిగాయి, ధర దాదాపు పాత చోటికొచ్చింది. హమ్మయ్య! ఆపరేషన్‌కి కావలసినన్ని అమ్మించాడు.

అత్త ఊరుకుంటుందా? "ఏంటీ, మీరూ అమ్మేశారా? కంపెనీ మునుగుతోందా?"

"కంపెనీ బానే ఉందే. పోయింది నా మోకాలు!"

నిన్న ఆపరేషన్ అయింది. ఇవాళ వాకర్ పట్టుకుని ఆసుపత్రి వరండాలో నాలుగడుగులేసి, ఐదో దాని దగ్గర ఆగిపోయాడు. నొప్పేమోనని పరిగెత్తా.

"ఈ టైలు ఎవడేశాడ్రా? లెవెలే లేదు!"