మా తొమ్మిదో తరగతి గొంతు

పోయిన శనివారం మా అమ్మాయి బడిలో వార్షికోత్సవానికి వెళ్ళాను. వేదిక మీద పిల్లలు పాడుతున్నంత సేపూ ముందు వరసల్లోని తల్లిదండ్రులందరూ ఫోన్లు పైకెత్తి పట్టుకుని ఉండటంతో నాకు పిల్లలకన్నా ఫోన్లే ఎక్కువ కనిపించాయి. నేను తీసిన దాంట్లో అయితే ఎదుటాయన బట్టతల తప్ప మరేమీ పడలేదు. ఇంటికొచ్చి చెప్పులు విప్పేలోపే ఆ పాటను నలుగురు నాకు పంపారు. విసుక్కుంటూనే నాలుగూ దాచుకున్నాను. ఒకే పాట అన్నిసార్లు ఎందుకని మా ఆవిడ అడిగింది. నా ఈడువాళ్ళకైతే చెప్పగలననిపించి ఇది రాస్తున్నాను.

నేను చదివింది గుంటూరు జిల్లాలో, చుట్టూ పత్తి చేలూ మిరప తోటలూ ఉన్న ఒక చిన్న ఊళ్ళో, కథోలిక ఫాదర్లు నడిపే మగపిల్లల హైస్కూల్లో. తొంభైల చివరి రోజులవి. మా తొమ్మిదో తరగతిలో ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళు కొందరే, తక్కినవాళ్ళం హిందువుల పిల్లలమూ ముస్లిముల పిల్లలమూను. అయినా మధ్యాహ్నం చర్చి గంట మోగిందంటే చేతిలో సుద్దముక్క ఉన్న మాస్టారూ, నోట్లో జామకాయ ఉన్న నేనూ ఒకేలా లేచి నిలబడి కళ్ళు మూసుకునేవాళ్ళం. జామకాయ నమలకుండా భక్తిగా నిలబడటం ఎంత కష్టమో చేసి చూసినవాళ్ళకే తెలుస్తుంది.

ఆ ఏడాదే మా బడికి ఒక బ్రదర్ గారు వచ్చారు. ఫాదర్లు కావడానికి చదువుకునేవాళ్ళను మధ్యలో ఒక్క సంవత్సరం ఏదో ఒక బడిలో పనిచేసి రమ్మని పంపుతారట. ఈయన దాచేపల్లి వైపు మనిషి, మాట కటువు, మనసు మెత్తన. హార్మోనియం ముందు కూర్చుంటే మాత్రం కటువూ ఉండేది కాదు. పదో తరగతి వాళ్ళకు పబ్లిక్ పరీక్షలున్నాయి కాబట్టి పాటల బృందం మా క్లాసు మెడకు చుట్టుకుంది. ఒక్కొక్కరినీ నిలబెట్టి పాడించారు. నా వంతు రాగానే చేత్తో ఆపి, నువ్వు బెంచీలు మోయడానికి పనికొస్తావులే అన్నారు. నాకేమీ బాధ వేయలేదు, ఎందుకంటే నా తర్వాత పాడినవాడు నా పక్కవాడు.

వాడు మా ఊళ్ళో పరుపులు కుట్టే ఆయన కొడుకు. వాళ్ళ నాన్న దూది ఏకి కుట్టిన పరుపు లేకుండా మా చుట్టుపక్కల ఏ పెళ్ళీ జరిగేది కాదు. మా వాడి జుట్టులో ఎప్పుడు చూసినా ఒక దూది పింజ ఉండేది, ప్రార్థన గంటకు ముందు దాన్ని తీసేయడం నా పని. ఆరో తరగతి నుంచీ పక్కనే కూర్చున్నా వాడు పాడగలడని నాకు తెలియదు, వాడికీ తెలియదు. ఆ రోజు వాడు పాడటం మొదలుపెట్టాక బ్రదర్ గారు హార్మోనియం వాయించడం మానేశారు. పక్క క్లాసులో లెక్కల మాస్టారు చెబుతున్న పాఠం కూడా ఆగింది.

అప్పటినుంచి వాడు మా క్లాసు ఆస్తి అయిపోయాడు. ఎనిమిదో తరగతి వాళ్ళతో పోట్లాటల్లో వాణ్ణి వెనక్కి నెట్టి మేం ముందుకెళ్ళేవాళ్ళం. వాడికి మాత్రం ఈ గౌరవం కన్నా ఇంకొకటి కావాలి. ఒకరోజు సైకిళ్ళ షెడ్డు దగ్గర నాతో అన్నాడు: "అందరూ బాగుంది బాగుందంటారుగానీ, నాకు లోపల్నించే గదరా వినపడేది. బయటికి ఎట్టా ఉంటదో నేనెప్పుడన్నా విన్నానా?" వాళ్ళింట్లో టేపు రికార్డరు లేదు. బడిలో ఉన్నదాంట్లో పాటలు వినడమేగాని రికార్డు చేసే మీట ఎప్పుడో విరిగిపోయింది. ఈ సంగతి బ్రదర్ గారికి నేనే చేరవేశాను. ఆయన హెడ్మాస్టరు ఫాదరు గారి వెంటపడి ఒప్పించి, గుంటూరులో ఒక స్టూడియోవాళ్ళతో మాట్లాడి, డిసెంబరు మొదట్లో ఒక శనివారం వ్యానులో బృందాన్నంతా తీసుకెళ్ళి క్యాసెట్టు చేయించేలా ఏర్పాటు చేశారు. బెంచీలు మోసేవాడి హోదాలో నేనూ వెళ్ళాలి.

సరిగ్గా ఆ శనివారమే పదో తరగతి వాళ్ళతో మా క్రికెట్ ఆట పడింది. పబ్లిక్ పరీక్షల చదువుల్లో వాళ్ళకు ఆ ఒక్కరోజే ఖాళీ ఇచ్చారు. పాటల బృందంలో సగం మంది మా జట్టులోవాళ్ళే. అందరం గుంపుగా వెళ్ళి బ్రదర్ గారి గది ముందు నిలబడ్డాం. మా వాడు కూడా మాతోనే ఉన్నాడు, వాడు మా వికెట్ కీపరు మరి. బ్రదర్ గారు కోప్పడతారనుకుంటే నవ్వేశారు. "పాట యాడికి పోద్ది లేరా? క్రిస్మస్ అయినాక తీరిగ్గా పోదాం. గెలిచి రండి ముందు" అన్నారు. మేం ఓడిపోయాం.

క్రిస్మస్ సెలవులకు ముందు బడి ఆవరణలో సాయంత్రం కార్యక్రమం జరిగింది. తెల్ల చొక్కా వేసుకుని మా వాడు ఒక్కడే ముందుకొచ్చి లాలిపాట పాడాడు. వాళ్ళ నాన్న పనిలోంచి అలాగే వచ్చి, కుర్చీలున్నా కూర్చోకుండా గేటు దగ్గర నిలబడి విన్నాడు. 

జనవరిలో సెలవులయ్యి బడి తెరిచాక, ఉదయం ప్రార్థనలో పై స్థాయికి వెళ్ళినచోట వాడి గొంతు చటుక్కున విరిగింది. మేమంతా పగలబడి నవ్వాం, వాడూ నవ్వాడు. మర్నాడూ విరిగింది. మూడోసారికి ఎవరికీ నవ్వు రాలేదు.

అది మిరపకాయలు కోతకొచ్చే కాలం. బడి వెనక కల్లాల్లో కాయలు ఆరబోస్తే గాలి మళ్ళినప్పుడల్లా క్లాసంతా దగ్గేది. ఇంకేముంది, ఘాటు పట్టిందని అందరం తేల్చేశాం. వాళ్ళమ్మా అదే అంది, ఫాదరు గారూ అదే అన్నారు. కిటికీ పక్కనుంచి వాణ్ణి లేపి గోడ పక్కన కూర్చోబెట్టాం. ఎవడో మిరియాలు తెచ్చేవాడు, ఇంకెవడో తేనె. వాడు మింగలేక మింగేవాడు. ఘాటు తగ్గాక గుంటూరు వెళ్దామని బ్రదర్ గారు స్టూడియోకు మళ్ళీ కబురు పెట్టారు. ఆ ఏడాది మా క్లాసులో నాతో సహా అందరి గొంతులూ ఒకదాని వెనక ఒకటి బొంగురుపోతూనే ఉన్నాయి. అవి పోతే ఎవరికీ నష్టం లేదు గనక ఎవరూ పట్టించుకోలేదు, మా గొంతులనూ వాడి గొంతునూ కలిపి చూసుకోవాలన్న తెలివీ మాకు లేకపోయింది.

చివరికి మార్చిలో డ్రిల్లు మాస్టారు మా తేనె సీసా చూసి విషయం కనుక్కుని, "ఒరేయ్ పిచ్చి సన్నాసుల్లారా, వాడు పెద్దోడవుతున్నాడ్రా. మిరపకాయలేం జేసినయ్ మధ్యలో?" అన్నారు. అందరం నవ్వుతామనుకున్నారు పాపం. మా వాడు తేనె సీసాకు మూత పెట్టాడు. బ్రదర్ గారు ఆ వారమంతా హార్మోనియం ముట్టుకోలేదు. ఆయనకు ముందే తెలుసేమో, తెలిసీ ఆశ పడ్డారేమో, ఇప్పుడు అడగడానికి ఆయన ఎక్కడున్నారో తెలియదు. ఏప్రిల్లో సంవత్సరం పూర్తయి వెళ్ళిపోతున్న రోజున, కొత్త గొంతుకు సరిపడే పాటలూ ఉంటాయిరా, పాడు అని మా వాణ్ణి ఎంతో బతిమాలారు. వాడు తల ఊపాడుగాని ఆ తర్వాత ఎప్పుడూ పాడలేదు. ఒక్క శనివారం. ఒక ఆట. అదీ ఓడిపోయిన ఆట. 

మొన్నామధ్య ఆ బడి ముందునుంచి వెళ్ళాను. ఇప్పుడు ఆడపిల్లలూ చదువుతున్నారు, సంతోషమే. ఉదయం ప్రార్థన పాట స్పీకర్లలో వస్తోంది, ఎవరో ఎక్కడో పాడి పెట్టింది. పిల్లలు చేతులు జోడించి ఊరికే నిలబడ్డారు. ఒక్క శ్రుతి తప్పలేదు, ఒక్క గొంతూ విరగలేదు. మాలాంటి గాడిద గొంతులు ఆ వరసల్లో ఎన్ని ఉన్నాయో, మా వాడిలాంటి గొంతు ఒక్కటైనా ఉందో లేదో ఇక ఎవరికీ తెలిసే వీలు లేదనిపించింది.

వార్షికోత్సవం మర్నాడు పని కల్పించుకుని అద్దంకి వెళ్ళాను. మా వాడికి అక్కడ పరుపుల దుకాణం ఉంది. దూది పరుపులు కుట్టించుకునేవాళ్ళు కరువై అన్నీ ఫోమువే అమ్ముతున్నాడు. గడ్డం నెరిసింది. కొనేవాళ్ళతో బేరమాడుతుంటే గొంతు రోడ్డు అవతలికి వినిపించేంత మోటుగా ఉంది. బేరాలు సద్దుమణిగాక టీ తాగుతూ, ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఎత్తని మాట ఎత్తాడు.

"నువ్వు పక్కనే ఉన్నావు గదరా. అసలెట్టా ఉండేదిరా నా గొంతు?"

నిజం చెబుతున్నాను, ఆ క్రిస్మస్ సాయంత్రమంతా నాకు గుర్తుంది. ఆ పాట మాటలు గుర్తున్నాయి, రాగమూ గుర్తుంది, కానీ తలుచుకుంటే అది నా బొంగురు గొంతులోనే వినిపిస్తుంది. వాడి గొంతు మాత్రం ఎంత వెతుక్కున్నా రావడం లేదు.

"చాలా బాగుండేదిరా" అన్నాను.

వాడు టీ గ్లాసు పక్కన పెట్టి, ఇంకా ఏమైనా చెబుతానేమోనని నా ముఖంలోకి చూస్తూ కూర్చున్నాడు.